ఇంటి ప్లగ్గుకు లేత్ మిషనా?

నాగలి కర్రులు, రోటవేటర్ బ్లేడ్లు, ట్రాలీ యాక్సిళ్లు ఊళ్లోనే బాగుచేసుకుందామని షెడ్డు వేస్తే, పాత లేత్ మిషను అమ్మేవాడు ఏమంటాడు? "ఇంటి కరెంటు చాలన్నా, కెపాసిటర్ పెట్టిస్తా, తిరుగుతుంది."

తిరుగుతుంది, కాదనను. కానీ త్రీ ఫేజ్ మోటారును కెపాసిటర్‌తో ఒక్క ఫేజు మీద నడిపితే సత్తా సగానికి, మహా అయితే మూడింట రెండు వంతులకు పడిపోతుంది. ఇనుము మీద కోత పెట్టగానే మూలుగుతుంది, వైండింగ్ కాలుతుంది. రీవైండింగ్ డబ్బు అమ్మినవాడు ఇస్తాడా?

5 హార్స్‌పవర్ అంటే 3,700 వాట్ల పైమాటే. ఇంట్లో పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది, 230 వోల్టుల మీద 3,680 వాట్లు. మోటారులో పోయే నష్టం కలపకముందే లెక్క తప్పింది. స్టార్టింగులో ఐదారు రెట్లు లాగుతుంది. ఫ్యూజు పోయిందని లావు తీగ చుట్టేవాళ్లు ఇల్లు తగలబెట్టుకుంటున్నట్టే. 2 హార్స్‌పవర్ లోపు మోటారుకైతే వీఎఫ్‌డీ పెట్టుకోవచ్చు. అది 230 వోల్టులే ఇస్తుంది కాబట్టి తెలిసిన మెకానిక్‌తో మోటారును స్టార్ నుంచి డెల్టాకు మార్పించాలి, ఎర్తింగ్ తప్పనిసరి.

అసలు రైతును ఈ తిప్పల్లోకి నెట్టిందెవరు? పొలంలో బోరుకు త్రీ ఫేజ్ ఉంది. దాని మీద లేత్ నడిపితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ చూపిస్తారు. సరే, ఊళ్లో సర్వీసు ఇవ్వండంటే స్తంభాలకూ తీగలకూ నువ్వే కట్టు అంటారు. పనిముట్టు బాగుచేయడం వ్యవసాయం కాదా? ఊరి వర్క్‌షాపుకు లైను ఖర్చు డిస్కంలే భరించి త్రీ ఫేజ్ ఇవ్వాలి.

దరఖాస్తు పెట్టి తిరుగుతున్నవాళ్లు రసీదు, ఎస్టిమేట్ నకళ్లు మండల కమిటీకి ఇవ్వండి. అన్నీ కలిపి ఎస్‌ఈ ఆఫీసుకు పోదాం.