సేవచేసే చేతుల భారం



దీర్ఘకాల హెపటైటిస్ ఉన్న ఇంటికి వెళితే రోగిని పరామర్శిస్తాము. రాత్రింబవళ్ళు సేవచేసే భార్యను ఎవరు అడుగుతున్నారు?

ఆ భారాన్ని కొలిచే ప్రశ్నావళి ఒకటుంది. మతిమరుపు వ్యాధిగల వృద్ధులను చూసుకొనేవారి కొరకు అమెరికాలో స్టీవెన్ జారిట్ బృందం 1980లో దానిని తయారుచేసింది. నేడు వాడుకలో ఉన్నది 22 ప్రశ్నలు. ఒక్కొక్కదానికి 0 నుండి 4 మార్కులు, మొత్తం 88. ఎన్ని మార్కులొస్తే అంత బరువు. నిద్ర, డబ్బు, ఒంటరితనం అన్నీ బరువులే.

హెపటైటిస్-బి కలిసి భోంచేస్తే అంటదు. ఇంటివారు పరీక్ష చేయించుకొని, అవసరమైతే టీకా వేయించుకోవాలి. భయపడి మనం దూరమైతే ఆమె భారం రెట్టింపవుతుంది.

మోషే చేతులు అలసినప్పుడు అహరోను, హూరు ఆదుకొన్నారు (నిర్గమ 17). రామకృష్ణాపూర్ సంఘస్థులారా, ఈ వారం ఒక పూట ఆమె బదులు మీరు కూర్చోండి.