తాకనిచ్చే పునీతులు
విచారణ (పారిష్) గుడికి పునీతుల అవశేషం వస్తే జనం చూసి ఊరుకోరు, తాకుతారు. తొర్రూరు పక్క పల్లె నుంచి వచ్చిన తల్లి గాజుపెట్టెకు కొంగు ఆనించి, అదే కొంగుతో పిల్లాడి నుదురు తుడుస్తుంది. ఫాదర్ గారు అద్దాన్ని బట్టతో తుడిచి తర్వాతి మనిషి ముందుకు జరుపుతారు. ఇది ఇటలీ ఫాదర్లతో వచ్చిన పరాయి ఆచారమని కొందరంటారు. నేనొప్పుకోను. భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే వెలికితీసిన ధాతు కరండాలు, అంటే అస్థికలు దాచిన పెట్టెలు, క్రీస్తు పుట్టకముందువి. మహనీయుల ఎముకకు మొక్కడం ఈ తెలుగునేల ఎప్పుడో నేర్చింది. కాకపోతే ఆ ధాతువు స్తూపం కడుపులో భద్రంగా ఉండేది, భక్తులు చుట్టూ తిరిగి దండం పెట్టేవాళ్లు. ఇక్కడ చేతికందుతుంది. నన్ను కదిలించేది అదే. ఈ వరుసలో నిలబడ్డవాళ్లలో ఎందరో దళితులు. వాళ్ల తాతలు ఊరి బావిని, గుడి గడపను ముట్టుకోలేకపోయారు. పైగా అవశేషాన్ని అమ్మకూడదని కతోలిక తిరుసభ చట్టం 1190వ సూత్రం చెబుతోంది కనుక, దీనికి టికెట్టు లేదు, స్పెషల్ దర్శనం లేదు. రద్దీ ఎక్కువైందని తాడు కట్టి, దూరం నుంచి చూపించి పంపేద్దామనేవాళ్లతో నాకు పేచీ అందుకే: రాత్రి ఎంతయినా సరే, చివరి ముసలమ్మ దాకా ముట్టనివ్వాలి.