ఫ్లాష్ తెలియదంటే నమ్మండి

మొన్న మా తెలుగు సంఘం ఉగాది వేడుకలో మా అమ్మాయి కూచిపూడి నాట్యం చేసింది. నాలుగో వరుసలో కూర్చుని, ఫ్లాష్ తలని పైకప్పుకేసి తిప్పి, ఎడాపెడా ఫొటోలు తీశాను. అన్నీ చీకటే! ఫ్లాష్ తెర మీది పట్టీ నలభై అడుగులు దాటి చూపించిందే, మరి?

తప్పు నాదే. పట్టీ చూసింది తల తిప్పకముందు. పైగా అది కొలిచిన దూరం కాదు, లెక్క కట్టినది. గైడ్ నంబరుని ఎఫ్ నంబరుతో భాగిస్తే వచ్చే గరిష్ఠ దూరం. 2004లో వచ్చిన కానన్ 580ఈఎక్స్‌నే తీసుకోండి. 105 ఎంఎం జూమ్, ఐఎస్ఓ 100 దగ్గర దాని గైడ్ నంబరు 190 అడుగులు. ఎఫ్/4కి సుమారు 47 అడుగులు, ఎఫ్/8కి అందులో సగం. ఐఎస్ఓ 400 చేస్తే ఏ దూరమైనా రెట్టింపవుతుంది.

వెలుగు సూటిగా వెళ్తేనే ఈ లెక్క. తల తిప్పితే చాలా ఫ్లాషుల్లో పట్టీ మాయమవుతుంది. పైకప్పు ఎత్తెంతో, రంగేమిటో దానికి తెలియదు కాబట్టి.

మనం రాసే ప్రోగ్రాములు ఇంత నిజాయితీగా ఉంటాయా? డేటా రావడం ఆగినా పాత అంకెనే చూపిస్తూ ఉంటాయి. తెలియనప్పుడు తెర ఖాళీగా ఉంచడమే మర్యాద అంటాను. ఆ ఖాళీని చదవడం మాత్రం మన పని. నేను చదవలేదు, అమ్మాయి నాట్యం పోగొట్టుకున్నాను.