ఇంకో పాత కారా?

“ఏమిటీ, ఇంకో పాత కారా? ఉన్నదానికే దిక్కు లేదు, పైన ఇంకోటా?”

పోయిన ఆదివారం మా ఇంట్లో వినిపించిన మాటలివి. అన్నది మా అత్తమ్మ. అనిపించుకున్నది నేను. మామూలుగా ఇలాంటి మాటలు ఏ ఇంట్లోనైనా మగవాళ్లు పడుతుంటారు. మా ఇంట్లో మాత్రం పాత కార్ల పిచ్చి నాది.

మాది నారపల్లి. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని, పీర్జాదిగూడ, మేడిపల్లి దాటితే వస్తుంది. మా ఇంటి ముందు రేకుల షెడ్డులో 1978 నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. ఇటలీ ఫియట్ కంపెనీ నమూనాతో బొంబాయి కుర్లాలో తయారైన కారు. పద్మిని అని కాగితాల్లోనే. ఇళ్లల్లో అందరికీ అది ‘ఫియట్’. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు సీటు బెంచీలా ఒకటే. చిన్నప్పుడు అమ్మా నాన్నల మధ్య నాకు చోటు అక్కడే. ఆ రోజుల్లో చేతిలో డబ్బున్నంత మాత్రాన కారు వచ్చేది కాదు. బుక్ చేసుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. అలా ఎదురుచూసి తెచ్చుకున్న కారు గనుకే నాన్న దాన్ని ఇంటి మనిషిలా చూసుకున్నారు.

నాన్న పోయాక అన్నయ్య “తుక్కుకిచ్చేద్దాం” అన్నాడు. ఆ మాట విని ఉండబట్టలేక నేను నారపల్లికి తెచ్చుకున్నాను. అప్పటి నుంచీ నాలుగేళ్లుగా ఆదివారం పొద్దున నా తల ఉండేది ఆ కారు బానెట్ కిందే. కార్బురేటర్ విప్పి పెట్రోలుతో కడగడం, ప్లగ్గులు గీకి శుభ్రం చేయడం, పాయింట్ల మధ్య సందు సరిచూడటం ఒక్కొక్కటిగా నేర్చుకున్నాను. ఎండాకాలం ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగితే పెట్రోలు పంపు వేడెక్కి ఇంజను ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే మళ్లీ కదులుతుంది. 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్–నారపల్లి ఫ్లై ఓవర్ పనుల పుణ్యాన నా కారులో ఒక నీళ్ల సీసా, పాత చీర ముక్క ఎప్పుడూ ఉండటం అలవాటైంది.

ఇంతకీ గొడవ ఎక్కడ మొదలైందంటే, నాచారంలో. రేడియేటర్ అతుకు వేయించడానికి పారిశ్రామికవాడలోని ఒక చిన్న షాపుకు వెళ్లాను. పక్కనే మూతపడిన షెడ్డు. వేపచెట్టు కింద, నిండా రాలిన ఆకులతో 1973 నాటి అంబాసిడర్ ఒకటి నిలబడి ఉంది. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. “అమ్ముతరంట అక్కా. బండి మంచిగుంది. కింద మాత్రం చూస్కోండి” అన్నాడు మెకానిక్ తమ్ముడు. ధర అడిగితే నా రెండు నెలల జీతం. ఇంటికొచ్చే దాకా నా కళ్లముందు ఆ గుండ్రటి బానెట్టే.

అత్తమ్మ మాటకు మొదట కోపం వచ్చింది. మా వీధిలోనే ఒకాయన ఇంటి ముందు మూడు పాత బుల్లెట్లున్నాయి. అందులో రెండు కదలవు. ఆయన్ని చూసి “ఎంత ఓపికో!” అంటారందరూ. నన్ను చూస్తే “ఈమెకిదేం పిచ్చి?” అంటారు. అదే తుప్పు, అదే గ్రీజు, అదే ఖర్చు. మగవాడు చేస్తే హాబీ, ఆడది చేస్తే పిచ్చి.

ఒక్కసారి మన ఇళ్లల్లో ఆడవాళ్ల సరదాలు ఎలాంటివో చూడండి. కుట్లు, అల్లికలు, ఊరగాయలు, పెరటి మొక్కలు. ఇవన్నీ మంచివే, నాకూ ఇష్టమే. కానీ వీటన్నిటి చివరా ఇంటికి ఏదో ఒకటి దక్కుతుంది. పిల్లకు గౌను, అన్నంలోకి ఆవకాయ, పూజకు పూలు. కేవలం తన సంతోషం కోసం, ఎవరికీ ఏమీ మిగలని పని ఒకటి ఆడది పెట్టుకుంటే చాలు, అందరి కనుబొమలూ పైకి లేస్తాయి. నన్ను బాధపెట్టింది అదే. కారు రోడ్డెక్కుతుందా లేదా అన్నది తరువాతి మాట. గంటసేపు దాని పక్కన కూర్చుంటే నా మనసు కుదుటపడుతుంది. ఆ గంటకు నేనెందుకు సంజాయిషీ చెప్పుకోవాలి?

అసలు కారుకూ ఆడదానికీ సంబంధం లేదనే మాటే తప్పు. కారు పుట్టిన కొత్తల్లో, 1888 ఆగస్టులో, జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు భర్త తయారుచేసిన మూడు చక్రాల బండిని ఆయనకు చెప్పకుండా బయటికి తీసింది. ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. నూరు కిలోమీటర్లకు పైగా దారి. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొన్నది. గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకున్న పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనితో తోలు ముక్క కొట్టించింది. భర్త కార్ల్ బెంజ్ చేసిన బండి అంత దూరం నడుస్తుందని లోకానికి నమ్మకం కలిగింది ఆ ప్రయాణంతోనే. అంటే కారును దూర ప్రయాణంలో దారిమధ్య బాగుచేసుకున్న మొదటివాళ్లలో ఒకామె పుట్టింటికి వెళ్తున్న ఇల్లాలన్న మాట!

సరే, కోపం చల్లారాక అత్తమ్మ మాటనే మళ్లీ మనసులో తిప్పి చూసుకున్నాను. ‘ఉన్నదానికే దిక్కు లేదు’ అన్నది అబద్ధం కాదు. పద్మినికి బ్రేకుల పని సగంలో ఆగి ఆరు నెలలైంది. వెనక తలుపు కింద తుప్పు తినేస్తోంది. తెచ్చిన సామాను కొంత అట్టపెట్టెల్లో అలాగే ఉంది. ఒకటి పూర్తికాక ముందే రెండోదాని మీదికి మనసు పోవడం పాత కార్ల వాళ్లందరికీ ఉండే జబ్బే. కొత్తగా కొన్న రోజు ఉత్సాహం, విప్పిన రోజు సంబరం, బిగించాల్సిన రోజుకు విసుగు. ఈ జబ్బు మగవాళ్లదైతే తిట్టి, నాదైతే స్వేచ్ఛ అని పేరు పెట్టుకుంటే అది న్యాయమేనా?

కాబట్టి పాత బండి మోజున్న ఇళ్లల్లో, మోజు ఆయనదైనా ఆవిడదైనా, కొనే ముందు కొన్ని సంగతులు చూసుకోవడం మంచిది.

మొదటిది కాగితాలు. ఆర్సీ పుస్తకంలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరుకు మారిందో లేదో అడగాలి. యజమాని పోయిన ముప్పై రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల్లోగా 31వ నంబరు ఫారంతో బదిలీకి దరఖాస్తు పెట్టుకోవాలని నిబంధన. ఇది పాత కార్లకే కాదు, మీ ఇంట్లోని స్కూటరుకూ వర్తిస్తుంది. భర్త పోయిన దుఃఖంలో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. బండి ఆయన పేరుమీదే తిరుగుతుంటుంది. రేపు ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కుపడేది ఆవిడే. నేనూ నాన్న కారు విషయంలో ఆలస్యం చేసి తిరగరాని తిరుగుళ్లు తిరిగాను.

రెండోది ఖర్చు. బండి ధర అసలు ఖర్చులో మొదటి వాయిదా మాత్రమే. కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. ఆ తరువాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. ఇరవయ్యేళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000కు పెంచారు. హరిత పన్ను, బీమా వేరే. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకు పాతకాలపు రబ్బరు గొట్టాలు, వాషర్లు తట్టుకోవు. ముందు వాటిని మార్పించుకోవాలి.

మూడోది తుప్పు. ఇంజనును బాగుచేయించడం తేలిక, ఒళ్లును బాగుచేయించడం కష్టం. రంగు నిగనిగలాడుతోందని మోసపోకండి. చిన్న అయస్కాంతం ఒకటి చీర కొంగున కట్టుకుని వెళ్లండి. తలుపుల కిందా, చక్రాల పైనా ఆనించి చూడండి. అంటుకోని చోట ఇనుము లేదు, లప్పమే ఉంది. కార్పెట్ ఎత్తి నేల చూడండి. నాచారం తమ్ముడు ‘కింద చూస్కోండి’ అన్నది అందుకే.

నాలుగోది ప్రాణం. నా పద్మినిలాంటి కార్లకు ఎయిర్ బ్యాగులుండవు, నాలుగు చక్రాలకూ పాతరకం డ్రమ్ము బ్రేకులే. బ్రేకులు సరిగ్గా లేని బండిలో పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కడం సరదా కాదు, పాపం.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి ఒక తమాషా చెప్పాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం రెండు పనులు చేసింది. ఒకటి, పాత బండ్లను తుక్కు చేసే విధానం. రెండు, యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత వాహనాలకు ‘వింటేజ్’ హోదా. వాటికి కొత్తగా నమోదైతే ‘వీఏ’ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లవచ్చు గానీ రోజువారీ పనులకు తిప్పకూడదు.

అంటే పదిహేనేళ్లు దాటితే ముసలిది, యాభై దాటితే అపురూపం. ఆ మధ్యలో ఉన్న ముప్పై అయిదేళ్లూ ఎవరికీ పట్టవు. బండి బతికి బట్ట కట్టాలంటే ఆ ముప్పై అయిదేళ్లూ దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఈ లెక్క చదువుతుంటే నాకు కార్లు గుర్తుకు రాలేదు. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి దారిన వాళ్లు పోయాక, ఇంకా ‘అమ్మమ్మ’ అనే గౌరవం రాకముందు, మనలో ఎంతమంది ఆ మధ్య వయసులో షెడ్డులో బండిలా నిలబడిపోవడం లేదు! అప్పుడప్పుడూ స్టార్ట్ చేయకపోతే ఏ ఇంజనైనా పట్టేస్తుంది.

చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే నిజాం ప్రభువుల కోసం చేయించిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కనిపిస్తుంది. రాజుల కార్లను చూసుకోవడానికి భవంతులున్నాయి. బడిపంతుళ్లు, గుమాస్తాలు పైసా పైసా కూడబెట్టి కొన్న ఫియట్లకు, పెళ్లికూతుళ్లను అత్తవారింటికి మోసుకొచ్చిన అంబాసిడర్లకు మన రేకుల షెడ్లే దిక్కు. కుర్లాలో పద్మినీలు ఆగిపోయి దాదాపు పాతికేళ్లైంది. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇక మీదట తగ్గేవే గానీ పెరిగేవి కావు. అందుకే ఒక్కదాన్నయినా బతికించడం దండగ ఖర్చని నేననుకోను.

అయితే బతికించడం వేరు, పోగుచేయడం వేరు. సగం విప్పిన రెండు కార్ల కంటే నడిచే ఒక్క కారు మేలు. ఇదే నేను చివరికి తేల్చుకున్న మాట. నాచారం వాళ్లకు ఫోను చేసి, సంక్రాంతి దాకా గడువు అడిగాను. ఈలోగా పద్మినికి బ్రేకులు, వెనక తలుపు పూర్తిచేయాలి. ఇంటి ఖర్చుల్లో చెయ్యి పెట్టకుండా నా జీతంలోంచి నెలనెలా కొంత విడిగా దాచుకోవాలి. రెండోదాన్ని పెట్టడానికి చోటు ముందే చూసుకోవాలి. ఈ మూడూ అయితే కొంటాను. కాకపోతే, ఆలోపు ఇంకెవరైనా తీసుకుపోతే, వాళ్ల చేతుల్లోనైనా అది బాగుండాలని కోరుకుంటాను.

ఈ మాట అత్తమ్మకు చెబితే కాసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా, “ఆ అంబాసిడర్ ఏ రంగు?” అని అడిగింది. తెలుపు అన్నాను. “నా పెళ్లికి కట్టిన కారూ తెలుపే” అని లోపలికి వెళ్లిపోయింది. అది ఒప్పుకోవడం కాదు. కానీ ‘పిచ్చి’ అన్న మాట మాత్రం మళ్లీ రాలేదు.

మీ ఇంట్లో మోజు కార్లది కాకపోవచ్చు. పాత రేడియోలు కావచ్చు, కుట్టుమిషన్లు కావచ్చు, పుస్తకాలు కావచ్చు. ‘ఇంకోటి ఎందుకు?’ అన్న ప్రశ్న రావాలి. అది ఆయన్నీ అడగాలి, మనల్నీ అడగాలి, ఒకే గొంతుతో. జవాబు లెక్కతో, నిజాయితీతో చెప్పగలిగితే ఎవరూ తల దించుకోనక్కర్లేదు. ఈ ఆదివారం పొద్దున నేను మాత్రం పానా పట్టుకుని బ్రేకు డ్రమ్ముల దగ్గరే ఉంటాను.