మూతబడిన బడి

2020 మార్చిలో బోధను బడులు మూతబడినవి. ఆ ఊరికి మూతలు కొత్త కావు. 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులోనే ఆగినది. జీతము పోయిన ఇంట నిద్ర ఎట్లుండునో శక్కర్‌నగర్ కార్మికులు ఎరుగుదురు. మహమ్మారి ఆ నిద్రలేమిని నిజామాబాదు ప్రయివేటు ఉపాధ్యాయుల ఇండ్లకు తెచ్చినది. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వము వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటించినది. ఆకలికి అది ఆసరాయే. నిన్నటి ‘సారు’ గౌరవమునకో?

మరి పిల్లలు? జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలో, దేశమున 2019లో 10,335 మంది, 2020లో 12,526 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. ఇదంతయు రోగము పనియే యనలేము. అప్పు, ఒంటరితనము, పరీక్షల భయము ముందునుండియు గలవు. బడితోబాటు దూరమైనవాడు, “ఏమైందిరా, గట్లున్నవ్?” అని ముఖము చూచి అడుగు పంతులు. 2022 అక్టోబరు నుండి టెలిమానస్ వారు 14416 ఫోనులో తెలుగున మాటలాడుచున్నారు. పంతులు తనకొరకైనను పిలువవచ్చును.