ఫ్లెక్సీ రంగుకూ కొలత కావాలి

ఫ్లెక్సీ లేనిదే మన దగ్గర పుట్టినరోజూ జరగదు, దశదినకర్మా జరగదు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వచ్చిందంటే సూర్యాపేట చుట్టూ స్వాగత ఫ్లెక్సీలే. వాటిలో ఒకే నాయకుడి ముఖం ఒకచోట కందిపోయి ఎర్రగా, మరోచోట కామెర్లు వచ్చినట్టు పచ్చగా ఉంటుంది. గులాబీ ఊదాలోకి జారుతుంది, కాషాయం ఇటుక రంగుకు దిగుతుంది. మిషన్ పాతదనో, ఇంకు చవకదనో అనేసి ఊరుకుంటాం. చాలాసార్లు తప్పు సెట్టింగులది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రింటర్లు ప్రతి ఫైలునూ దిద్దే అలవాటు మాని, ఒక్కసారి మిషన్‌ను దిద్దుకోవాలి.

కంప్యూటర్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి రంగు చూపిస్తుంది. ఫ్లెక్సీ మిషన్ సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ ఇంకులతో తెల్లటి పీవీసీ మీద రంగు పుట్టించాలి. తెర మీద మెరిసే నారింజ, నిండు ఆకుపచ్చ, ముదురు నీలం ఈ నాలుగు ఇంకులకు పూర్తిగా అందవు. నీలం వంకాయ రంగుకు తిరగడం అందువల్లే. అందని రంగును దేనితో సరిపెట్టాలో చెప్పేది ప్రొఫైల్. ఎవరి మిషన్‌కైనా, ఎవరి సాఫ్ట్‌వేర్‌కైనా అది అర్థం కావాలని 1993లోనే ఎనిమిది కంపెనీలు కలిసి ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియం పెట్టుకున్నాయి. మన డిజైన్ గదుల్లో మాత్రం ఫోటోషాప్‌లో ముందునుంచీ ఉన్న అమెరికా ఆఫ్‌సెట్ సెట్టింగుతోనే ఫోటోను తరచుగా సీఎంవైకేకు, అంటే ఆ నాలుగు ఇంకుల లెక్కకు, మార్చేస్తారు. అది నునుపు కాగితం మీద పత్రికలు అచ్చేసే యంత్రాల కోసం చేసింది. సాల్వెంట్ ఇంకు సంగతీ, ఫ్లెక్సీ సంగతీ దానికి తెలియవు. ముఖం ఎర్రబడితే మెజెంటా తగ్గించి, పసుపు పెంచి గట్టెక్కుతారు. రోలు మారినా, ఇంకు మారినా, అదే ఫైలును పక్క ఊళ్లో వేయించినా కథ మళ్లీ మొదటికే.

ఫోటోను తెర రంగుల లెక్క అయిన ఎస్‌ఆర్‌జీబీలోనే ఉంచి, రంగుల మార్పిడిని ఫైలును మిషన్‌కు పంపే రిప్ సాఫ్ట్‌వేర్‌కు వదిలేయాలి. అంతకుముందు ఒక్కో మీడియాకు, అంటే అచ్చు పడే ఒక్కో రకం సరుకుకు, కొంత పని ఉంది. నాలుగు ఇంకులూ పూర్తిగా పడితే 400 శాతం. అంత ఇంకు ఫ్లెక్సీ మీద ఆరదు, చుడితే అంటుకుపోతుంది. అందుకే మొదట ఇంకుకు హద్దు పెట్టాలి. తర్వాత సగం రంగు అడిగితే సగమే కనిపించేలా ఒక్కో ఇంకునూ సరిచూడాలి. అప్పుడు రంగుగళ్ల చార్టు అచ్చేసి, ఆరనిచ్చి, స్పెక్ట్రోఫొటోమీటర్‌తో కొలిచి ప్రొఫైల్ తయారుచేయాలి. వాడేటప్పుడు అందని రంగులను సరిపెట్టడానికి ఫోటోలకు పర్సెప్చువల్, లోగోలకు రిలేటివ్ కలరిమెట్రిక్ పద్ధతి సాధారణంగా నప్పుతాయి. పాస్‌ల సంఖ్య, అంటే ప్రింట్ హెడ్ ఒకే చోటి మీదుగా తిరిగే సార్లు, మారితే పడే ఇంకు తీరూ మారుతుంది గనుక దానికి వేరే ప్రొఫైల్ ఉండాలి. ఆర్డర్లు ముంచుకొచ్చిన రోజున అందరూ మొదట మరిచేది దీన్నే.

ఇన్నేళ్ల అనుభవం ఉంది, కంటితో చూసి చెప్పగలమనే వారున్నారు. మిర్యాలగూడలో వడ్లను అరచేతిలోకి తీసుకుని తేమ చెప్పగలవారూ ఉన్నారు. అయినా ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో మీటరు 17 శాతం లోపు చూపిస్తేనే తూకం. పైగా ట్యూబులైటు కింద ఒప్పిన రంగు ఎండలో ఒప్పదు. స్పెక్ట్రోఫొటోమీటర్ ఖరీదైనదన్నది న్యాయమైన అభ్యంతరమే. అడుగు లెక్కన బేరమాడే గిరాకీతో ఒక్క షాపు అంత డబ్బు పెట్టలేదు. కానీ దాని అవసరం రోజూ ఉండదు. మీడియా లేదా ఇంకు మారినప్పుడు వాడేదాన్ని మూడు ఊళ్ల వారు కలిసి కొనుక్కోవచ్చు. రెండు రోజుల ఫ్లెక్సీకి ఇంత అవసరమా అంటే, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో తండ్రి ముఖం రంగు మారితే ఆ ఇంటివారికి రెండు రోజుల లెక్క చెప్పి ఒప్పించలేం. మళ్లీ వేసి ఇవ్వాల్సిందే. చెడిన ప్రతి ముక్కా చెత్తకుప్పకే చేరుతుంది. పీవీసీ, పాలిస్టర్ అల్లిక కలిసిన ఆ సరుకును వేరుచేసి మళ్లీ వాడటం కష్టం, కాలిస్తే విషవాయువులు. గిరాకీకి రంగు కొట్టొచ్చినట్టు ఉండాలనేది మరో మాట. ఉండనివ్వండి, ఆ కోరికకు ప్రొఫైల్ అడ్డుకాదు. అదే మెరుపును రేపు కూడా రప్పించడానికే అది కావాలి.

అసలు ఫ్లెక్సీలే పోవాలన్న వాదన వీటన్నిటికంటే బలమైనది. 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. కోదాడ దాటితే వచ్చే ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఆగస్టులోనే ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. రేపు గుడ్డ బ్యానర్లే దిక్కయితే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. గుడ్డ ఇంకును పీల్చుకుంటుంది, దాని తెలుపు వేరు. ఫ్లెక్సీ మీద చేత్తో సర్ది కుదుర్చుకున్న అంకెలు అక్కడ పనికిరావు. కొలిచి ప్రొఫైల్ చేయడం వచ్చిన షాపుకు మాత్రం అది మరో కొత్త మీడియా, అంతే. ప్రింటర్లు పరికరం కొనే మాట ఇప్పుడే కలిసి మాట్లాడుకోవాలి. తమ దగ్గర ఎక్కువగా పోయే ఒక్క రకం రోలుతో మొదలుపెట్టినా చాలు.