బల్బు మాడితే పాటను పారేస్తామా?

ఎచ్చెర్ల మండల ప్రజలకు, కళాశాలల పెద్దలకు, విద్యార్థులకు విజ్ఞప్తి



మీ ఇంటి అటక మీద పాత రికార్డు ప్లేయర్ ఏదైనా పడి ఉందా? పాత సామాన్లవాడికి తూకానికి వేసే ముందు ఈ కాగితం ఒక్కసారి చదవండి.

ఎనభైల్లో మా చిన్నాన్న గల్ఫ్ నుంచి వస్తూ ఒక జపాన్ డెక్కు తెచ్చాడు. తెల్లవారుజామున ఘంటసాల భగవద్గీత దాని మీదే వినేవాళ్లం. రికార్డు అయిపోగానే దాని చెయ్యి తనంతట తనే లేచి స్టాండు మీదికి చేరేది. అది చూడ్డానికే పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్లం. కొన్నేళ్లకు చెయ్యి లేవడం మానేసింది. పాట అయిపోయినా ముల్లు చివరి గాడిలో టిక్కు టిక్కుమంటూ తిరుగుతూనే ఉండేది. చూసిన మెకానిక్ పార్టులు దొరకవన్నాడు. అంతే, ఇరవై ఏళ్లకు పైగా గోనెసంచిలో ఉండిపోయింది.

మొన్న వేసవిలో అడుగు పలక విప్పాం. లోపల బియ్యపు గింజంత బల్బు, దానికెదురుగా వెలుగును పసిగట్టే సెన్సర్, రెంటి మధ్యా చేతితోపాటు కదిలే చిన్న రేకు ఉన్నాయి. చెయ్యి చివరి గాడికి చేరితే రేకు తప్పుకుని, వెలుగు సెన్సర్ మీద పడాలి. అప్పుడే చెయ్యి లేస్తుంది. మా బల్బు గాజు లోపల మసి పట్టినట్టు నల్లబడి ఉంది. అది మసి కాదు, ఏళ్ల తరబడి వేడెక్కిన టంగ్‌స్టన్ తీగ ఆవిరై గాజుకు అంటుకున్న పొర. సెల్‌ఫోన్ టార్చి సెన్సర్ మీద వేశాం. టక్కుమని చెయ్యి లేచింది!

యంత్రం చావలేదు, వెలుగు చాలక ఆగిపోయిందంతే. బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టాం. ఆ లైనులో 12 వోల్టులు ఉన్నాయి కాబట్టి వరుసలో వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ వేశాం. కరెంటు 10 మిల్లీ ఆంపియర్లకు అటూఇటుగా ఉంటుంది. ఖర్చు రెండు టీల డబ్బులు కాలేదు.

ఇలాంటి సెన్సర్లు ఒక్క మా డెక్కులోనే లేవు. 1972లో డెన్మార్క్ నుంచి వచ్చిన బియోగ్రామ్ 4000 అనే డెక్కు తన పళ్లెం మీద రికార్డు ఉందో లేదో బల్బు వెలుగుతోనే కనిపెట్టేది. అలాంటి డెక్కుల్లో మాడిన బల్బుల చోట ఎల్‌ఈడీలు పెట్టి ప్రపంచమంతటా బతికించుకుంటున్నారు. మనకు చేతకాని పనేం కాదిది. అయితే తెలిసి చెయ్యాలి. కాడ్మియం సల్ఫైడ్ సెల్ పచ్చని వెలుగును బాగా గుర్తిస్తుంది, ఫొటో ట్రాన్సిస్టర్‌కు ఎరుపు, పరారుణ కాంతి నప్పుతుంది. సెన్సర్‌ను బట్టి ఎల్‌ఈడీ రంగు ఎంచుకోవాలి. బల్బుకు ఏసీ వస్తోందో డీసీ వస్తోందో మీటరు పెట్టి చూడాలి. కొన్ని డెక్కుల్లో బల్బు తీసుకునే కరెంటు కూడా సర్క్యూట్ లెక్కలో భాగమే, అక్కడ డయాగ్రమ్ చూడకుండా చెయ్యి పెట్టకూడదు. బోర్డు కొయ్యకూడదు. తీసిన పార్టును కవర్లో వేసి డెక్కు లోపలే ఉంచాలి.

అసలుది మారిస్తే పాతదనం పోదా అని కొందరి బెంగ. వత్తి మార్చినంత మాత్రాన కుంది మారిపోతుందా? బల్బు అరిగిపోయే వస్తువు, మార్చడానికే ఉంది.

పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి కదా అని మరికొందరి మాట. ఎవరో ఎక్కించినవే ఫోన్లో ఉంటాయి. మీ తాతగారు కొన్న హరికథ ప్లేటు ఎవరూ ఎక్కించకపోతే అది మీ పెట్టెలోనే మూగగా ఉండిపోతుంది. మనది పాటల సీమ. మన పక్కనే ఉన్న విజయనగరంలో 1919లో పుట్టిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే పాఠం చెప్పారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. పి. సుశీల పుట్టింది ఆ ఊళ్లోనే. బొబ్బిలి రాజకుటుంబీకులు వి.ఎ.కె. రంగారావు వేల రికార్డులు సేకరించి కాపాడారు. ఆయన వేలు కాపాడితే మనం ఇంట్లో ఉన్న పది కాపాడుకోలేమా?

మన ఊళ్లకు సముద్రం దగ్గర. ఉప్పుగాలికి స్విచ్చుల కాంటాక్టులు నల్లబడతాయి. 2018లో తిత్లీ తుపాను ఎన్ని ఇళ్ల పైకప్పులు లేపేసిందో, ఎంత సామాను తడిసిందో మనకు తెలుసు. ఆలస్యం చేసిన కొద్దీ మిగిలేది తక్కువ.

మన మండలంలో చదువులకు కొదవ లేదు. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, ఎస్.ఎం. పురంలో ట్రిపుల్ ఐటీ ఉంది, ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి. మీటర్లు, సాల్డరింగ్ ఐరన్లు, చదువుకున్న చేతులు అన్నీ ఇక్కడే ఉన్నాయి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే ఆవిడ మొదలుపెట్టిన, జనం కలిసి పాడైన వస్తువులు బాగుచేసుకునే రిపేర్ కేఫ్ ఎన్నో దేశాలకు పాకింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. కానీ నలభై ఏళ్ల నాటి డెక్కుకు కంపెనీ నుంచి పార్టు రాదు. ఆ పని మనమే చేసుకోవాలి.

అందుకే కోరుతున్నాం:

1. మండలంలోని కళాశాలలు నెలకొక ఆదివారం ఎలక్ట్రానిక్స్ ల్యాబు తెరిచి మరమ్మతు బల్ల పెట్టాలి. ఆ పనిని విద్యార్థుల ప్రాజెక్టుగా లెక్కించాలి.

2. రేడియోలు, మైకు సెట్లు బాగుచేసిన పెద్దలను గౌరవ వేతనంతో పిలిచి పిల్లల పక్కన కూర్చోబెట్టాలి.

3. బాగుచేసిన ప్రతి డెక్కుకూ ఏం మార్చారో రాసిన తెలుగు చీటీ లోపల అతికించాలి.

4. బాగైన డెక్కు మీద అరుదైన రికార్డులు వినిపించి, యజమాని అనుమతితో కాపీ తీసి భద్రపరచాలి.

వేగం సరిచూడ్డానికి ఖరీదైన పరికరం కూడా అక్కర్లేదు. 180 గీతలున్న కాగితపు చక్రాన్ని పళ్లెం మీద పెట్టి, చోక్ ఉన్న పాతకాలపు ట్యూబ్‌లైటు కింద తిప్పండి. మన 50 హెర్ట్జ్ కరెంటు వెలుగులో ఆ గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తే, డెక్కు నిమిషానికి 33⅓ చుట్లు సరిగ్గా తిరుగుతున్నట్టే.

విద్యార్థులారా, పాడైన వస్తువును చూసి విసుక్కోకుండా విప్పి చూసేవాడే ఇంజనీరు. పెద్దలారా, మీ చేతి పనితనం మీతోనే ఆగిపోనివ్వకండి. అమ్మలారా, అటక మీది గోనెసంచి దించండి. ప్లగ్గు పెట్టకండి, ముల్లుకు దెబ్బ తగలకుండా ల్యాబు దాకా తీసుకురండి. మిగతా పని అందరం కలిసి చేద్దాం.

ఇట్లు
ఎచ్చెర్ల మండలవాసి, పాటల అభిమాని